నవ్వుతూనే లెక్క రాసుకోండి: హిందీ ప్రేమ కామెడీ చూసే పద్ధతి

హిందీ ప్రేమ కామెడీలో చివరి పావుగంటను నమ్మకూడదు. అంతవరకు చేసిందంతా ఒక్క ఉపన్యాసంతో కడిగేసుకునే అలవాటు ఆ సినిమాలకు ఉంది. హీరో నలుగురిలో నిలబడి కట్నం తప్పంటాడు, తండ్రి కళ్ళు తుడుచుకుంటాడు, బ్యాండు మొదలవుతుంది, మనం తృప్తిగా లేస్తాం. సినిమా లోపల ఏమనుకుంటోందో తెలియాలంటే ఆ ఉపన్యాసాన్ని పక్కనపెట్టి మిగతా రెండు గంటలు చూడాలి. ఎవరి మీద నవ్వించారు? ఎవరి 'వద్దు' చెల్లింది? ఎవరి తప్పుకు ఎంత ఖరీదు పడింది? దీనికి సినిమా కోర్సులు చదవక్కర్లేదు. ఒక పెన్ను, రెండు తెల్లకాగితాలు, రిమోట్ ఉంటే చాలు.

చేతిలోకి ఒక సినిమా తీసుకుందాం. 2017 మార్చిలో వచ్చిన 'బద్రీనాథ్ కీ దుల్హనియా'. దర్శకుడు శశాంక్ ఖైతాన్, జంట వరుణ్ ధవన్, ఆలియా భట్. ఝాన్సీలో డబ్బున్న ఇంటి చిన్నకొడుకు బద్రీ బన్సల్, కోటాలో మధ్యతరగతి ఇంటి అమ్మాయి వైదేహి త్రివేది. అబ్బాయి పుడితే ఆస్తి, అమ్మాయి పుడితే అప్పు అనే లెక్కతోనే సినిమా మొదలవుతుంది. అంటే మొదటి నవ్వే కట్నం మీద వెటకారం. దీన్నే ఎందుకు తీసుకున్నామంటే, ఇది చెడ్డ సినిమా కాదు. చెడ్డ సినిమాను ఎవరైనా పట్టుకుంటారు. మంచి మాట చెబుతున్నానని తనే అనుకుంటున్న సినిమాతోనే పని.

మొదటిసారి పెన్ను ముట్టుకోవద్దు

కామెడీ అంతా టైమింగే. ఆపి ఆపి చూస్తే నవ్వు రాదు. నవ్వే రాకపోతే 'నేను దీనికెందుకు నవ్వాను' అని అడుక్కోవడానికి సరుకే ఉండదు. కాబట్టి మొదటిసారి మామూలుగా చూడండి. అయిపోయాక పది నిమిషాల్లోపు మాత్రం ఐదు చోట్లు రాసుకోండి: బాగా నవ్వినవి మూడు, ఎక్కడో గుచ్చుకున్నవి రెండు. మర్నాటికి వదిలేస్తే పాటలు తప్ప ఏమీ గుర్తుండవు.

రెండోసారికి ఒకటి రెండు రోజులు ఆగండి. కథ తెలిసిపోయింది కాబట్టి ఈసారి కళ్ళు హీరో మొహం వదిలి పక్కవాళ్ళ మీదికి పోతాయి. బద్రీ ఇంట్లో చదువుకున్న వదిన ఒకావిడ ఉంది, ఆవిడ ఉద్యోగం చేయడానికి మామగారు ఒప్పుకోరు. మొదటి చూపులో ఆవిడ టీ కప్పుల వెనక కలిసిపోతుంది. సినిమా కట్నం గురించి చెప్పాలనుకున్నదంతా నిజానికి ఆవిడ మొహం మీదే ఉంది.

రెండోసారి

ఆడియో హిందీలోనే పెట్టుకోండి. హిందీ అంతంతమాత్రమే అయినా సబ్‌టైటిల్స్‌తో నెట్టుకురావచ్చు. డబ్బింగ్‌లో యాస పోతుంది, మర్యాద వాచకాలు మారిపోతాయి, మనకు ఆ రెండూ కావాలి. స్పీడు పెంచొద్దు, పాటలు దాటించొద్దు. పది సెకన్లు వెనక్కి పోయే బటన్ మీద బొటనవేలు పెట్టుకు కూర్చోండి.

కాగితాన్ని అడ్డంగా తిప్పి నాలుగు గడులు గీయండి. మొదటి గడిలో సమయం, రెండో గడిలో ఎవరికి ఏం కావాలి, మూడో గడిలో అవతలివాళ్ళు ఏమన్నారు, నాలుగో గడిలో ఆ తర్వాత ఏమైంది. నాలుగో గడిలో వాక్యాలు రాస్తూ కూర్చుంటే తర్వాతి సీను పోతుంది. అక్షరాలు చాలు. నవ్వు తెప్పిస్తే 'న', పాట వస్తే 'పా', చేసినవాడికి శిక్షో నష్టమో కలిగితే 'శి', ఏమీ జరగకుండా కథ ముందుకు పోతే 'ఏ'. మొత్తం పాతిక ముప్ఫై వరసలు వస్తే సరిగ్గా రాస్తున్నట్టు. అరవై దాటాయంటే కథ రాసుకుంటున్నారు. పది దగ్గరే ఆగిపోతే సినిమాలో పడిపోయారన్నమాట. ఏ సీను దగ్గర పెన్ను ఆగిందో గుర్తుపెట్టుకోండి, సినిమా మిమ్మల్ని గెలిచిన చోటు అదే.

అందరూ తప్పేది మూడో గడిలో. 'నహీఁ' అన్న మాట వినిపిస్తేనే దాన్ని 'వద్దు' కింద రాస్తారు. మొహం తిప్పుకోవడం, జవాబివ్వకపోవడం, తప్పు ఫోన్ నంబరివ్వడం, 'ఇంట్లో ఒప్పుకోరు' అనడం, నలుగురున్న చోటికి జరగడం కూడా వద్దనడమే. ఇవన్నీ రాస్తే హీరోయిన్ ఒప్పుకునేలోపు ఎన్నిసార్లు వద్దందో అంకెల్లో కనబడుతుంది. మొదటి 'వద్దు' ఏ నిమిషంలో వచ్చిందో, మొదటి 'సరే' ఏ నిమిషంలో వచ్చిందో చూసి, మధ్య దూరాన్ని కాగితం పైన పెద్దగా రాసుకోండి.

ఇక ఒక సీనును దగ్గరగా చూద్దాం. పెళ్ళినాడు వైదేహి మండపానికి రాకుండా వెళ్ళిపోయింది. సింగపూర్‌లో విమానాల్లో పనిచేసే ఉద్యోగానికి శిక్షణలో ఉంది. బద్రీ వెతుక్కుంటూ అక్కడికి వచ్చి, ఆమెను కారు డిక్కీలో పడేసి తీసుకుపోతాడు. రెండో గడిలో 'బద్రీకి జవాబు కావాలి' అని రాస్తారు. మూడో గడి ఇప్పటికే నిండి ఉంది, పీటల మీదికి రాకపోవడమే ఆమె జవాబు. నాలుగో గడి దగ్గర తొందరపడొద్దు. ఆ సీను అయ్యాక ఇరవై నిమిషాలు గడియారం చూసుకుంటూ చూడండి. సంగీతం ఎప్పుడు మెత్తబడింది? ఎవరు ఎవరికి సాయం చేస్తున్నారు? డిక్కీ మాట మళ్ళీ ఎవరైనా ఎత్తారా? ఆమె వైపు పోయేవేమిటి (శిక్షణ, ఉద్యోగం, పరాయి దేశంలో పరువు), అతని వైపు పోయేదేమిటి? ఇద్దరికీ ఖరీదు సమానంగా పడిందా?

ఇక్కడ పనికొచ్చే చిట్కా ఒకటుంది. అదే పనిని హీరో కాకుండా, ఆ అమ్మాయికి వచ్చిన ఇంకో సంబంధం కుర్రాడు చేసినట్టు ఊహించుకోండి. డిక్కీ అదే, రోడ్డు అదే. బుర్రలో వెంటనే విలన్ సంగీతం మోగిందంటే, ఇంతసేపూ ఆ పనిని కాచింది వరుణ్ ధవన్ నవ్వే. మా దృష్టిలో ఈ సినిమా మొదటి సగం కట్నాన్ని గట్టిగానే తిడుతుంది. డిక్కీ దగ్గరికొచ్చేసరికి మాత్రం అమ్మాయి భయం కన్నా అబ్బాయి గుండె పగలడం బరువైపోతుంది. రెండూ నిజమే, ఒకటి రెండోదాన్ని కొట్టేయదు. కాగితం మీద రెండూ ఉండాలి.

చట్టం ఎక్కడ పనికొస్తుంది

కొన్ని అంకెలు తెలిసుంటే కొలత తేలిక. ఇష్టం లేదని ఆడమనిషి స్పష్టంగా తెలియజేసినా మళ్ళీ మళ్ళీ వెంటపడటం, మాట కలపబోవడం, ఆమె నెట్ వాడకం మీద కన్నేసి ఉంచడం 2013 సవరణతో భారత శిక్షాస్మృతి (ఐపీసీ) 354డి కింద నేరమయ్యాయి. మొదటిసారికి మూడేళ్ళ దాకా, మళ్ళీ చేస్తే ఐదేళ్ళ దాకా జైలు. 2024 జులై 1 నుంచి అదే నేరం ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షన్. ఈ చట్టం సినిమావాళ్ళకు తెలియదనుకోలేం, బద్రీనాథ్ వచ్చేనాటికే దానికి నాలుగేళ్ళు. 1995లో వచ్చిన సినిమాను మాత్రం ఈ సెక్షన్‌తో కొట్టడం అన్యాయం. పాత సినిమాను దాని పక్కనే ఆ ఏడాది వచ్చిన మరో సినిమాతో పోల్చండి.

1961 వరకట్న నిషేధ చట్టం ప్రకారం కట్నం పుచ్చుకోవడమే కాదు, ఇవ్వడమూ నేరమే, ఐదేళ్ళకు తక్కువ కాకుండా జైలు. తెరమీద అమ్మాయి తండ్రి ఎప్పుడూ బాధితుడే. ఆయన బాధితుడు అవునా కాదా అన్నది వేరే సంగతి. డబ్బు సర్దడానికి ఆయన పడే పాట్లను సినిమా జాలిగా చూపిందా, నవ్వులాటగా చూపిందా అన్నది రాసుకోండి.

లేచిపోయే సీన్లలో పొద్దున బస్సెక్కి సాయంత్రానికి రిజిస్టర్ ఆఫీసులో దండలు మార్చుకుంటారు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద అది కుదరదు. ఇద్దరిలో ఒకరైనా ఆ జిల్లాలో ముప్ఫై రోజులు ఉండి ఉండాలి, నోటీసిచ్చాక ఇంకో ముప్ఫై రోజులు ఆగాలి. ఆ నెల రోజుల్లోనే ఇంటివాళ్ళకు తెలిసిపోయే ప్రమాదం అంతా ఉంది. సినిమా సౌకర్యం కోసం దాటేసింది సరిగ్గా దాన్నే.

మాట ఎవరిది, సినిమా ఎవరిది

ఈ పద్ధతి కొత్తగా పట్టినవాళ్ళు చేసే పెద్ద పొరపాటు, పాత్ర అన్న మాటను సినిమా మెడకు చుట్టేయడం. తప్పుమాట తెరమీద వినిపించడం వేరు, దాన్ని సినిమా ఒప్పుకోవడం వేరు. తేడా తెలియాలంటే మూడు చూడాలి: ఆ మాటకు జవాబు ఎవరిచ్చారు, జవాబు తర్వాత నవ్వు ఎవరి వైపు పడింది, ఆ మాటను కథ నిజం చేసిందా అబద్ధం చేసిందా.

ఇంతియాజ్ అలీ తీసిన 'జబ్ వి మెట్' (2007)లో రత్లాం స్టేషన్ సీను దీనికి సరిపోయిన పాఠం. రైలు తప్పిపోయి రాత్రిపూట ప్లాట్‌ఫాం మీద మిగిలిన హీరోయిన్ గీత్‌కు స్టేషన్ మాస్టర్ సుద్దులు చెబుతాడు: ఒంటరి ఆడపిల్ల తలుపు తీసి పెట్టిన ఇనప్పెట్టె లాంటిదని. ఈ బోధకు డబ్బులేమైనా పుచ్చుకుంటారా, తన దగ్గర చిల్లర లేదని ఆ పిల్ల తిప్పికొడుతుంది. నవ్వు పూర్తిగా ఆమె వైపే. రెండు ప్రశ్నల్లో సినిమా పాసైంది. కానీ వెంటనే ఆకతాయిలు వెంటపడతారు, ఆమె పరుగున వెళ్ళి హీరో పక్కకు చేరుతుంది. అంటే మాటల్లో ఓడిన స్టేషన్ మాస్టర్‌ను కథ గెలిపించింది. మూడో ప్రశ్న అడగకపోతే ఇది కనబడదు. ఆ సీను తీసేయాలని మేం అనడం లేదు, రాత్రి స్టేషన్లు అలాగే ఉంటాయి కూడా. డైలాగు ఒక దారి, కథ ఒక దారి పోయినప్పుడు రెండో దారినే నమ్మమంటున్నాం.

ఆప్, తుమ్, తూ

మర్యాద మెట్టు మెట్టుగా దిగే ఈ మూడు పిలుపులనూ ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ ఒక్క 'యూ'లో నలిపేస్తాయి. తెలుగువాళ్ళకు చెవి ఉంది కాబట్టి పట్టుకోవడం కష్టం కాదు. 'మీరు' నుంచి 'నువ్వు'కి దిగినప్పుడు మనింట్లో ఎంత అర్థం ఉంటుందో అక్కడా అంతే, పైగా వాళ్ళకు మూడు మెట్లు. 'తూ' ప్రాణస్నేహితుడికీ వాడతారు, తిట్టడానికీ వాడతారు. రాసుకోవలసింది: ఎవరు ముందు మెట్టు దిగారు? అబ్బాయి 'తుమ్' అంటున్నా అమ్మాయి ఇంకా 'ఆప్' దగ్గరే ఉందా? పెళ్ళయ్యాక వెనక్కి 'ఆప్'కి ఎక్కిందా? పనిమనిషి వయసు యాభై దాటినా ఇంట్లో చిన్నపిల్లాడు ఆమెను ఏమని పిలుస్తున్నాడు? ఈ చివరిది ప్రేమకథకు సంబంధం లేనిదే, కానీ ఆ ఇంటి గురించి హీరో చెప్పుకునే దానికన్నా ఎక్కువ చెబుతుంది.

యాస సంగతీ ఇంతే. ఏ యాస వినగానే హాలు నవ్విందో, ఏ యాసలో ప్రేమ చెప్పారో వేరువేరుగా రాయండి. దక్షిణాది పాత్ర వచ్చి 'అయ్యయ్యో' అన్నచోట మనకు చిర్రెత్తుతుంది. తెలంగాణ యాసను, శ్రీకాకుళం యాసను మన సినిమాలు ఎన్నేళ్ళు రౌడీలకు, కమెడియన్లకు కేటాయించాయో గుర్తుచేసుకుంటే ఆ చిరాకు కాస్త సరైన చోటికి చేరుతుంది.

పేరు చివర ఏముంది

మన ఇంటిపేరు ముందుంటుంది, దాన్నిబట్టి పరాయివాడికి కులం తెలియడం కష్టం. అక్కడ పేరు చివరే చెప్పేస్తుంది. మల్హోత్రా, ఖన్నా, కపూర్, మెహ్రా అంటే పంజాబీ ఖత్రీలు. మిశ్రా, దూబే, తివారీ, శుక్లా, త్రివేది బ్రాహ్మణులు. బన్సల్, అగర్వాల్ వైశ్యులు. టైటిల్స్ అయ్యేలోపు ప్రధాన పాత్రల పేర్లు పూర్తిగా రాసుకోండి. వరసగా పది సినిమాలకు రాసి చూస్తే, ప్రేమించే హక్కు ఏ పేర్ల చుట్టూ తిరుగుతోందో మీ కాగితమే చెబుతుంది. డ్రైవరు, వంటమనిషి, కాపలావాడికి అసలు ఇంటిపేరు పెట్టారా అన్నదీ చూడండి.

బన్సల్, త్రివేది వేర్వేరు కులాలు. ఆ మాట ఎవరైనా ఎత్తారా, ఎత్తితే ఎంతసేపు, ఏ గొంతుతో? 2011-12 భారత మానవాభివృద్ధి సర్వేలో కులాంతర వివాహాలు దాదాపు ఐదు శాతమే. నూటికి తొంభై అయిదు ఇళ్ళలో పెద్ద సంగతైనది తెరమీద చిన్న సంగతయితే, దాని స్థానంలో గొడవకు ఏం పెట్టారో వెతకండి. సాధారణంగా పంజాబీకీ బెంగాలీకీ పడకపోవడం, చేపలకూ పనీర్‌కూ పడకపోవడం దొరుకుతాయి. వంటింటి గొడవ మీద అందరూ కలిసి నవ్వొచ్చు, కులం మీద నవ్వించడం కష్టం. అందుకే ఆ మార్పిడి.

పండగలు చూసేటప్పుడు తొందరపడి 'ఉత్తరాది వెనకబాటు' అనేయొద్దు. కర్వాచౌత్ మనకు కొత్తదేం కాదు, దానికి ముందురోజే మన అట్లతద్ది. అదీ చంద్రుణ్ణి చూశాకే తినేది, మంచి మొగుడి కోసమే చేసేది. చూడవలసింది ఉపవాసం ఉన్నారా లేదా అని కాదు, ఆ ఉపవాసం ఎవరు పెట్టించారు, హీరో కూడా మాడాడా అని.

నవ్వు ఎవరి మీద

'న' పడిన వరసలన్నీ చివర్లో ఒకచోటికి తెచ్చి, ప్రతి నవ్వు పక్కన దేని మీదో రాయండి: ఒళ్ళు, రంగు, యాస, మగతనం, వయసు, పేదరికం, లేదా పరిస్థితి. పరిస్థితి మీద నవ్వించడం కష్టమైన పని, మంచి రచయితకే సాధ్యం. మిగతావి చవక. రంగు మీద వివక్ష తప్పని చెప్పిన 'బాలా' (2019)లో నల్లటి అమ్మాయి పాత్రకు లేత ఛాయ ఉన్న భూమి పెడ్నేకర్‌ను తీసుకుని నల్లరంగు పూశారు. అప్పుడు పడ్డ అక్షింతలు న్యాయమైనవే. అదే నటి 2015లో చేసిన 'దమ్ లగా కే హైషా' దీనికి ఎదురు లెక్క. లావుగా ఉన్న భార్య సన్నబడటంతో ఆ కథ ముగియదు. బీఈడీ చదివిన ఆ అమ్మాయిని పదో తరగతి తప్పిన మొగుడు వీపు మీద మోస్తూ పందెంలో పరుగెత్తాలి. మారవలసిన భారం ఎవరి మీద పెట్టారో అక్షరాలా కనబడుతుంది.

పాటలకు వేరే పరీక్ష. మొదటిసారి వినండి, రెండోసారి మ్యూట్ చేయండి. చెవులు మూసుకున్నాక మిగిలేది ఒంటరిగా నడుస్తున్న అమ్మాయి, ఆమె వెనక పాతికమంది మగాళ్ళు అయితే, ట్యూన్ ఏం దాచిందో తెలిసిపోయినట్టే. అన్ని పాటలూ అలా ఉండవు, కొన్ని మ్యూట్‌లోనూ హాయిగా ఉంటాయి.

అమెరికన్ కార్టూనిస్టు ఆలిసన్ బెక్‌డెల్ బొమ్మల్లో 1985లో వచ్చిన పరీక్ష మీరు వినే ఉంటారు: ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారా, ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారా, మగాడి గురించి కాకుండా వేరే సంగతి మాట్లాడుకున్నారా. హిందీ ప్రేమ కామెడీకి చిన్న మార్పు అవసరం. పెళ్ళి మాటను కూడా లెక్కలోంచి తీసేయండి. లేకపోతే అక్కాచెల్లెళ్ళు లెహంగా రంగు గురించి మాట్లాడుకున్నా సినిమా పాసైపోతుంది.

ఇంట్లో నలుగురితో చూసేటప్పుడు

కాగితం తీయొద్దు, ఉపన్యాసం ఇవ్వొద్దు. సినిమా మొత్తానికి రెండుసార్లకు మించి ఆపొద్దు. మూడోసారి ఆపితే రిమోట్ మీ చేతిలోంచి పోతుంది. ఆపిన చోట 'ఇది తప్పు కదా' అంటే అమ్మ కూడా హీరో పక్షం చేరుతుంది. 'మన పిల్లను ఎవడైనా ఇట్లా వెంటపడితే ఏం చేస్తాం నాన్నా?' అని అడిగి ఊరుకోండి. ఇంటర్వెల్‌లో టీ తాగేలోపు ఆయనే నాలుగు మాటలంటారు. పిల్లలుంటే ముందు సర్టిఫికెట్ చూసుకోండి. 2024 నుంచి యూఏ (పెద్దల మార్గదర్శనంతో పిల్లలు చూడదగ్గవి) కింద 7, 13, 16 అని వయసులు వేరుచేశారు. పన్నెండేళ్ళ పిల్లాడిని అడగదగ్గ ప్రశ్న ఒకటే: ఆ అమ్మాయి వద్దందని నీకు ఎప్పుడు తెలిసింది? వాళ్ళు చెప్పే నిమిషం సాధారణంగా హీరోకి తెలిసే నిమిషం కన్నా చాలా ముందుంటుంది.

ఇదే కాగితంతో ఓ తెలుగు ప్రేమకథ కూడా చూడండి, మీకు బాగా ఇష్టమైనదే. నాలుగో గడి కాస్త వెడల్పుగా గీసుకోండి, 'ఏ'లు పట్టాలి కదా.